పూనకము సాక్ష్యమగునా?

హుస్నాబాదు ఎల్లమ్మ జాతరను ఒక్కమారైనను చూచినవారికి మేమిచట చెప్పబోవు దృశ్యము క్రొత్తది కాదు. ఎండకాలము. చెరువు దరిని బండ్లు, నెత్తిన బోనములతో స్త్రీలు, కల్లుసాక పోయువారు, మేకపిల్లలను తాళ్లతో లాగుకొని వచ్చు పిల్లలు. బైండ్లవారి జమిడిక ఒక ప్రక్క మ్రోగుచుండగా డప్పు దరువు మారును. అంతవరకు చంకలో బిడ్డతో నలుగురిలో ఒకతెగా నిలుచుండిన ఇల్లాలు ఉన్నట్టుండి బిడ్డను ప్రక్కవారి చేతులలో పెట్టి, తల విరియబోసికొని, చూపు నిలిపి, ఊగ నారంభించును. "శిగమచ్చింది" అని చుట్టునున్నవారు ఎడమిత్తురు. ఒకరు పసుపునీళ్లు చల్లుదురు. ఒకరు వేపమండ చేతికిత్తురు. పెద్దవాడొకడు ముందునకు వచ్చి చేతులు జోడించి, "ఎవరవు తల్లీ? ఏం తక్కువైంది? నోరు విప్పి చెప్పు" అని అడుగును. ఆ ఇల్లాలి నోట వచ్చు "నేను" అను మాట ఆమెది కాదు. నిన్నటిదాక కొంగు నెత్తిమీదినుండి జారనీయక, మామ యెదుట నిలువనైన నిలువని కోడలు ఆ మామనే "ఓరి బిడ్డా" అని పిలుచును. అతడు సాగిలపడి మ్రొక్కును.

ఆ మాటలాడినది ఎల్లమ్మయేనా?

ఈ ప్రశ్న హుస్నాబాదునకు మాత్రమే చెందినది కాదని మేమెరుగుదుము. పూర్వము కరీంనగరము జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో సిద్ధిపేట జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు నలుదిక్కుల ఇట్టి క్షేత్రములే కలవు. కొమురవెల్లి మల్లన్న సన్నిధిని పట్నములు వేయునపుడు శివసత్తులు ఊగుదురు. వేములవాడ రాజన్న గుడిముంగిట ఊగుదురు. మేడారమున గద్దెలకు సమ్మక్క వచ్చు రాత్రి లక్షలాది జనులలో ఎందరికి పూనకము వచ్చునో లెక్కించువారు లేరు. హుస్నాబాదు ఎల్లమ్మ గుడిని సర్వాయి పాపన్న కట్టించెనని జనులు చెప్పుకొందురు. గౌడుల కులదైవమైన ఆ తల్లికి పాపన్న భక్తుడగుట వింతయు కాదు. ఇంత విరివిగా, ఇన్ని తరములుగా, ఇన్ని కులములవారికి కలుగుచున్న అనుభవమును గూర్చి పట్టణములలోని చదువరులు ఒక్క మాటతో తీర్పు చెప్పివేయుట మేము తరచుగా వినుచున్నాము. ఆ మాట "వేషము". భక్తులు మరియొక మాటతో తీర్పు చెప్పుదురు: "కండ్ల జూసినంక ఇంకేం గావాలె?" ఈ రెండు తీర్పులును తొందరపాటువే అని మా అభిప్రాయము.

వేషమను మాటను ముందుగా విచారింతము. వేషధారులు లేరని మేమనము. ఉన్నారు; గద్దె వేసికొని, కానుకలు పుచ్చుకొని, వారమునకొకనాడు నియమముగా పూనువారిని చూడని తాలూకా ఉండదు. అయినను మొదటిమారు శిగమూగిన ఇల్లాలి స్థితి వేరు. ఆమె కానుక కోరి రాలేదు. ఆమె చేతిలో వెలుగుచున్న కర్పూరమును పెట్టి పరీక్షించువారు మన పల్లెపెద్దలే. తరువాత ఆమె పడు బడలికయు, సిగ్గును, ఒక్కొక్కప్పుడు భయమును నటనకు చెందినవి కావు. ఏదియో జరిగినది, అది ఆమెకు జరిగినది. ఈ మాత్రమును కాదనువాడు కండ్లు మూసికొని తీర్పు చెప్పువాడే.

న్యాయస్థానములు సైతము ఈ మాత్రమును ఒప్పుకొనును. 1872 నాటి సాక్ష్య చట్టములోను, 2024 జులై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను రెండు సంగతులు గమనింపదగినవి. ఒకటి, చూచితినని చెప్పవలసినవాడు చూచినవాడే కావలెను. విన్నవాని నోట అది చెల్లదు. రెండు, ఒకని మనఃస్థితి, అనగా వాని కోపము, భయము, నమ్మిక, వివాదమునకు సంబంధించినపుడు అదియు రుజువు చేయదగిన వాస్తవమే. కనుక "నాకట్లు తోచినది" అను మాటకు న్యాయశాస్త్రమునందు చోటు కలదు. చిక్కెల్ల ఆ తరువాతి మెట్టులోనే యున్నది.

ఆ ఇల్లాలి మాటను విడదీసి చూతము. అందు మూడు సంగతులు ముడివడి యున్నవి. నాకేదియో జరిగినది, అది ఇట్లుండెను, అది చేసినది ఎల్లమ్మ. మొదటి రెంటికి ఆమెయే సాక్షి, ఆమెకంటె మేలైన సాక్షి లోకమున లేదు. మూడవది ఆమె చూచినది కాదు. చూచిన దానినుండి చేసిన నిర్ణయము. మధ్యాహ్నవేళ కరీంనగరము దారిలో ఎదుట నీరు మెరయుట బస్సులోని వారందరు చూతురు. మెరపు నిజము. నీరు నిజము కాదు. నూరుగురు కలిసి చూచినను నీరు కాజాలదు.

ఆ మూడవ నిర్ణయమును ఎవరు చేసిరో గమనించిన కొలది మాకు ఆశ్చర్యమే కలుగుచున్నది. శిగమూగుచున్న స్త్రీ తొలుత పేరు చెప్పదు. కేకలు వేయును, ఏడ్చును, పండ్లు కొరుకును. "ఎల్లమ్మవా? పోచమ్మవా? మైసమ్మవా?" అని అడుగువారు చుట్టునున్నవారు. ఒక్కొక్కచోట, వచ్చినది దేవతయా, చచ్చిన సవతియా అనియు ముందు తేల్చుకొందురు. ప్రశ్న వెంట ప్రశ్న వేయగా ఎచటనో ఒకచోట తల యూపును. ఆ యూపుతో పేరు నిలుచును. అనుభవము ఆమెది, పేరు ఊరిది.

ఇది మన నిరక్షరాస్యుల పల్లెలలోనే జరుగునని అనుకొనువారికి ఫ్రాన్సుదేశపు లూర్దు గ్రామమును గుర్తుచేయుదుము. 1858 ఫిబ్రవరి 11 మొదలు జులై 16 వరకు పదునెనిమిది మారులు బెర్నడెట్ అను పదునాలుగేండ్ల బాలికకు అచటి గుహలో ఒక దర్శనము కలిగెను. ఆ పిల్ల మొదట దానిని మరియమాత యనలేదు. తన యాసలో "అది" అని మాత్రమే చెప్పుచు వచ్చెను. మరియమాతయే కావలెనని ఊరివారు ఊహించుకొనిన తరువాతనే, మార్చి 25న, ఆ రూపము తన్నుగూర్చి చెప్పెనని ఆ పిల్ల ఒక మాటను తెచ్చెను. ఆ మాట రోమను మతాధిపతి అంతకు నాలుగేండ్ల క్రిందట, 1854లో, సిద్ధాంతముగా ప్రకటించిన దానికి చెందినది. ఆ బాలిక అబద్ధమాడెనని మేమనము. ఆమెను ఎరిగినవారును అనలేదు. బిషప్పు విచారణ జరిపించి 1862లో దర్శనములను ఆమోదించెను. అయినను ఇట్టి దర్శనములను నమ్మితీరవలెనని కతోలిక సంఘము తన వారిని నిర్బంధింపదు. నమ్మవచ్చునని మాత్రమే చెప్పును. దర్శనములపై మహాక్షేత్రములను నిర్మించుకొనిన మతమే ఇంత జాగ్రత్త వహించుట గమనింపదగియున్నది.

హుస్నాబాదున ఏ ఇల్లాలికి లూర్దు మాత పూనలేదు. లూర్దులో ఏ బాలికకు ఎల్లమ్మ కనబడలేదు. మన బమ్మెర పోతనామాత్యుడు భాగవతావతారికలో తన దర్శనమును తానే చెప్పుకొనెను: చంద్రగ్రహణ దినమున నదీస్నానముచేసి, ఇసుకతిన్నెపై కన్నులు అరమోడ్చి ధ్యానించుచుండగా శ్రీరాముడు కనబడి, భాగవతమును తెనిగింపుమని ఆజ్ఞాపించెనట. వ్రాయవలసినది కృష్ణకథ, కనబడినది రాముడు. అతని హృదయమున కొలువైయున్న మూర్తియే కనబడెను గాని కథానాయకుడు కనబడలేదు. ఇందు తప్పేమియు లేదు. పోతన ఆ దర్శనమును ఎవరికిని సాక్ష్యముగా చూపి, దీనినిబట్టి నన్ను నమ్ముడనలేదు. గ్రంథమును వ్రాసి చేతికిచ్చెను. భాగవతము బాగున్నదా లేదా యనుటకు ఆ యిసుకతిన్నెపై జరిగిన దానితో పనిలేదు.

ఇట్టి సందేహములెల్ల పాశ్చాత్యుల ఓడలపై మన దేశమునకు దిగినవని తలచువారు మన శాస్త్రములను తెరచి చూడకుండుట విచారకరము. ఏడవ శతాబ్దిలోనే ఈ విషయమున మహావాదము నడచినది. వేదప్రామాణ్యమును నిలబెట్ట కంకణము కట్టుకొనిన కుమారిలభట్టు యోగిప్రత్యక్షమును ఖండించెను. మీ యోగి చూచెనని మీరనిన, మా యోగి చూడలేదని మేమందుము, తేల్చువారెవరు? సారాంశమున ఆయన వాదము ఇది. ఇందు ఒక చమత్కారము కలదు. జ్ఞానము తనంతట తానే ప్రమాణమనియు, బాధకము చూపబడువరకు దానిని నమ్మవలెననియు చెప్పునది మీమాంసకులే. వారే యోగిదృష్టిని నమ్మలేదు. జ్ఞానము ఫలించినగాని ప్రమాణము కాదని, నీరని తోచిన దానియొద్దకు పోయి దప్పి తీర్చుకొనిన తరువాతనే అది నీరని నిశ్చయమగునని పట్టుబట్టిన నైయాయికులు యోగిప్రత్యక్షమును ఒప్పుకొనిరి. ఉదారులు తలుపు మూసిరి. లోభులు తలుపు తెరచిరి.

బౌద్ధుడగు ధర్మకీర్తి మరింత నిర్దాక్షిణ్యముగా విచారించెను. ఆయన యోగిప్రత్యక్షమును అంగీకరించినవాడే. అయినను విరహము, దుఃఖము, భయము, ఉన్మాదము పట్టినవారు లేనివానిని సైతము ఎదుట నిలిచియున్నట్టు చూతురనియు, దేనిని విడువక భావించినను అది నిజమైనను కాకున్నను తుదకు స్పష్టముగా కనబడుననియు చెప్పెను. స్పష్టత సత్యమునకు గురుతు కాదన్నమాట. అందువలన యోగి చూచినది వేరు ప్రమాణములచే నిగ్గుతేలిన దానితో సరిపోలినపుడే ప్రమాణమగునని నిర్ణయించెను. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున శబ్దప్రమాణమునకు చెప్పిన లక్షణమును బాలురు సైతము వల్లించుచుండిరి: ఆప్తుని వాక్యము ప్రమాణము, ఉన్నదున్నట్టు చెప్పువాడు ఆప్తుడు. వాడు నిజాయితీపరుడైన చాలదు. వాని కన్ను, వాని బుద్ధి ఆ విషయమున పొరపడనివి కావలెను.

దర్శనమును సమర్థించువారి పక్షమున బలమైన మాట లేకపోలేదు. దానిని దాచుట న్యాయము కాదు. ఇంగ్లీషు తత్త్వవేత్త రిచర్డు స్విన్‌బర్న్ 1979లో ప్రకటించిన గ్రంథమున ఇట్లు వాదించెను. ఒకనికి ఒకటి ఉన్నట్టు తోచిన, లేదనుటకు వేరు కారణము దొరకువరకు ఉన్నదనియే తలపవలెను. అట్లు కానిచో మన కండ్లను, చెవులను సైతము నమ్మరాదు. అపుడు ఏ శాస్త్రమును నిలువదు. మీమాంసకుల మాటయే ఆంగ్లవేషమున వచ్చినట్లున్నది. మాకును ఇది చాలవరకు సమ్మతమే. కాని ఇచట వేరు కారణము దొరకుచున్నది. ఒకే తీవ్రతతో, ఒకే నిశ్చయముతో కలిగిన అనుభవములు ఒకదానినొకటి కొట్టివేయుచున్నవి. ఒకనికి సృష్టికర్త కనబడెను. బుద్ధుడు బోధివృక్షము క్రింద మహానుభవమును పొంది లేచి సృష్టికర్తను గూర్చి చెప్పలేదు. దుఃఖమును, దాని కారణమును చెప్పెను. 1896లో మధురలో పదునారేండ్ల వేంకటరామన్ మరణభయముతో నేలపై పరుండి ఒక స్థితిని పొంది, అరుణాచలమున రమణమహర్షియై, ఆ స్థితిని "నేను" ఎవరను విచారముగా బోధించెను గాని ఆ గడియలో ఒక దేవత ఎదుట నిలిచెనని చెప్పలేదు. వీరిలో ఎవరి మాట తీసికొనవలెను? అందరిదియు ఒకటే అందురు కొందరు. రామకృష్ణ పరమహంస అట్లే అనెను. ఆయన కాళిని చూచెను, మహమ్మదీయ మార్గమున సాధన చేసెను, క్రీస్తును చూచెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఆ సమన్వయము ఉదాత్తమైనది. కాని అది వ్యాఖ్యానము. లూర్దు బాలికయు, పోతనయు, హుస్నాబాదు ఇల్లాలును దానికి ఒప్పుకొనిరని చెప్పుటకు వీలులేదు. ఆ పరమహంసకు శిష్యుడైన నరేంద్రుడు గురువు దేవుని చూచెనని విన్నంతనే నమ్మక, ధనము తగిలిన ఆయన ఒడలు బాధపడునను మాటను పరీక్షింప పరుపు క్రింద నాణెమును దాచెనని చెప్పుదురు. గురువు కోపింపలేదట. ఈనాటి గురువుల పరుపుల క్రింద నాణెములు దాచువారు కనబడుట లేదు. పరుపులపై పెట్టువారే కనబడుచున్నారు.

ఇక మెదడు శాస్త్రజ్ఞుల మాట. కొన్ని విధములగు మూర్ఛలలో పరమానందము, దివ్యసాన్నిధ్యము తోచుననుట వైద్యులకు తెలిసినదే. రష్యా రచయిత దోస్తయేవ్‌స్కీ తన మూర్ఛకు ముందటి క్షణములను అట్లే వర్ణించెను. తలకు అయస్కాంతములు అమర్చి దైవసాన్నిధ్యమును కలిగింపగలమని కెనడాలో ఒక శాస్త్రజ్ఞుడు చెప్పుకొనెను. 2005లో స్వీడను శాస్త్రజ్ఞులు, ఎవరి యంత్రము నిజముగా పనిచేయుచున్నదో పరీక్షించువారికిని పరీక్షింపబడువారికిని తెలియకుండ, మరల చేసిచూచిరి. యంత్రము నడచినను నడవకున్నను భేదము లేదు. ఇతరుల సూచనకు సులభముగా లొంగు స్వభావము కలవారికే సాన్నిధ్యము తోచినది! ఈ ఫలితము ఇరుపక్షముల గర్వమును అణచుచున్నది. దేవుని మీట నొక్కి పుట్టింపగలమనిన శాస్త్రజ్ఞుడు ఓడిపోయెను. సాన్నిధ్యము తోచిన చోట సాన్నిధ్యముండి తీరవలెననిన భక్తుడును ఓడిపోయెను. అయినను మెదడులో కారణము కనబడినంతమాత్రమున దేవుడు లేడని తేలదు. చెరువును చూచునపుడును మెదడు కదలును, అంతమాత్రమున చెరువు లేకపోదు. డప్పు, ఉపవాసము, ఎండ, గుంపు, చిన్ననాటినుండి చూచిన అలవాటు, ఇవి శిగమునకు దారి తీయునని మాత్రము చెప్పవచ్చును. చెరువును చూచుటకు డప్పు అక్కరలేదు.

ఈ సందర్భమున మేమొక సంగతిని విడిచిపెట్టలేము. శిగమూగువారిలో స్త్రీలే హెచ్చు. వారిలోను ఇంట మాట చెల్లని స్త్రీలు హెచ్చు. దేవత నోట వచ్చు మాటలను శ్రద్ధగా విన్నవారికి వానిలో ఎల్లలోకముల రహస్యములు దొరకవు. "నా పొద్దు ఎవ్వలు చూస్తలేరు. నా బోనం మరిచిన్రు. నన్ను ఎండబెట్టిన్రు. ఇంట్ల కొట్లాట పెట్టుకున్నరు." ఇవి ఆ తల్లి మాటలని ఇంటివారు వణకుదురు. అత్తవారింట పది సంవత్సరములు నోరెత్తని ఆడుబిడ్డ మాటలు కావా ఇవి? మామ మ్రొక్కును, మగడు తాగుడు మానుదునని ప్రమాణము చేయును, నాలుగు దినములు ఆ ఇంట శాంతి నెలకొనును. సంఘశాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోను, ఇతర దేశములలోను ఇట్టి సంగతులనే చూచి వ్రాసిరి. కనుక ఆ మాట అబద్ధమని మేమనము. అది ఆ ఇంటిని గూర్చిన సత్యము. దానిని వినుటకు దేవత రావలసివచ్చుట ఆ ఇంటికి సిగ్గుచేటు.

మ్రొక్కు ఫలించుటయే సాక్ష్యమనువారును కలరు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుక అందరెరిగినదే. 1813లో ఉజ్జయినిలో సైన్యమున నున్న సురిటి అప్పయ్య కలరా వ్యాపించినపుడు అమ్మవారికి మ్రొక్కుకొని, బ్రతికి వచ్చి, 1815లో ఇచట ప్రతిష్ఠ చేసెను. ఆయన కృతజ్ఞతను మేము గౌరవింతుము. అదే కలరాలో మ్రొక్కుకొనియు చచ్చినవారు గుళ్లు కట్టుటకు తిరిగి రాలేదు. ఓడ మునుగుచుండగా మ్రొక్కి బ్రతికినవారి చిత్రపటములను గుడిలో చూపిన మిత్రునితో, మ్రొక్కి మునిగినవారి పటములు ఏవి యని గ్రీకుదేశపు డయాగరసు అడిగెనని రోమను పండితుడు సిసిరో వ్రాసెను. ఆ సికింద్రాబాదు గుడిలోనే ఆషాఢ బోనముల మరునాడు పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ చెప్పు రంగమును మంత్రులు, అధికారులు చేతులు కట్టుకొని విందురు. వానలు పడును, నా పూజలు సరిగా చేయుటలేదు, నా బిడ్డలను నేనే కాపాడుదును. ఏ సంవత్సరమునకైనను చెల్లు మాటలు అవి. వినుటకు ఇంపైనవి, పరీక్షకు నిలుపుటకు వీలులేనివి.

ఇంతవరకు చదివినవారు, ఎవరి నమ్మకము వారిది, దీనికింత విచారణ యేల అని అనవచ్చును. శిగము బోనముతో, సాకతో, మగని ఒట్టుతో ముగిసినంతవరకు మాకును విచారణ అక్కరలేదు. అన్నిమారులు అచట ముగియదు.

పిల్లకు జుట్టు జడలు కట్టినది. లేక యింట వరుసగా రోగములు. శిగమూగువారిని పిలిపించి అడుగుదురు. "ఈ పిల్ల నాది, నాకు విడువుడు" అని మాట వచ్చును. ఆ ఒక్క మాటపై పసిపిల్ల మెడలో దేవత పేర తాళి కట్టి జోగినిని చేసిన దురాచారము తెలంగాణమున ఎంతకాలము సాగినదో చదువరులకు తెలియును. ఎల్లమ్మ పేరు ఆ దురాచారముతో ముడిపడుట ఆ తల్లికే అపచారము. జోగినులు దాదాపుగా దళితుల ఇండ్ల పిల్లలే అగుట యేమి? దేవత కోరినదయినచో పటేలు ఇంటి పిల్లను, పంతులు ఇంటి పిల్లను ఒక్కమారైనను కోరకుండుట యేమి? ఈ పక్షపాతమే ఆ మాట ఎచటినుండి వచ్చినదో చెప్పుచున్నది. 1988లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దేవదాసీ సమర్పణ నిషేధ చట్టమును చేసెను. మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణము నిజామాబాదు ప్రాంతమున జోగినుల నడుమ పనిచేసి, వారిని మనుష్యులుగా నిలబెట్టుటకు పాటుపడెను. ఆ స్త్రీలలో ఎవ్వరు తామై దేవత పిలుపు వినలేదు. పిలుపు విన్నది ఒకరు, మెడలో తాళి పడినది మరియొకరికి.

ఇంతకంటె ఘోరమైనది బాణామతి, చేతబడి మాట. ఇంట ఎవరో జబ్బుపడుదురు. పూనినవారు, లేక గవ్వలు చూచినవారు, "చేసినవాడు తూర్పింటివాడు, ముసలివాడు" అందురు. తెలంగాణపు పల్లెలలో ఇట్టి అనుమానములపై వృద్ధులను, ఒంటరి స్త్రీలను కొట్టి చంపిన ఉదంతములు ఇటీవలి దశాబ్దములలోను పత్రికలకెక్కుచునే వచ్చినవి. ఆ హత్యలలో మొదటి సాక్షి పోలీసుల యెదుట ఎన్నడును నిలువదు. ఆ సాక్షి దేవత.

ఇట్టి సాక్ష్యమును న్యాయస్థానమే పుచ్చుకొనిన ఉదాహరణము చరిత్రలో కలదు. అమెరికాలోని సేలము గ్రామమున 1692లో కొందరు బాలికలు పూనకమువంటి స్థితిలో ఊగి, పొరుగువారి ఛాయారూపములు తమ్ము గిల్లుచున్నవని, గొంతు పిసుకుచున్నవని కేకలువేసిరి. ఆ రూపములు ఇతరులెవ్వరికిని కనబడవు. న్యాయాధిపతులు, అందరు చదువుకొనినవారే, దానిని సాక్ష్యముగా గ్రహించిరి. పందొమ్మండుగురిని ఉరితీసిరి, ఒక వృద్ధుని రాళ్లక్రింద నొక్కి చంపిరి. సంవత్సరము తిరుగకమునుపే మతాచార్యులే ముందునకు వచ్చి, కనబడిన రూపము సైతాను వంచన కారాదా యని ప్రశ్నించిరి. గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. మరుసటి సంవత్సరము క్రొత్త న్యాయస్థానము ఛాయాసాక్ష్యమును త్రోసివేయగా తక్కిన నిందితులలో దాదాపు అందరు విడుదలయిరి. తీర్పరులలో ఒకడగు సామ్యూలు స్యూయలు 1697లో దేవాలయమున నిలిచి, తన తప్పును చదివించి, బహిరంగముగా క్షమాపణ వేడెను. వారికి ఛాయాసాక్ష్యము తప్పని చూపినది నాస్తికులు కారు, దేవుని నమ్మినవారే.

మహారాష్ట్రమున నరేంద్ర దభోల్కరు 2013 ఆగస్టు 20న హత్యకు గురియైన పిమ్మట అదే సంవత్సరమున వచ్చిన చట్టమును మేము శ్రద్ధగా చదివితిమి. అది పూనకమును నేరమనలేదు. తన యొడలిలో అతీంద్రియశక్తి ప్రవేశించినదని చెప్పి, దానితో ఇతరులను భయపెట్టుటను, తన మాట వినకున్న కీడు మూడునని బెదరించుటను నేరమనెను. గీత సరియైనచోట గీయబడినదని మా అభిప్రాయము. అమెరికా పండితుడు విలియము జేమ్సు 1902లో ప్రకటించిన గ్రంథమున, అనేక దేశముల భక్తుల అనుభవములను ఓపికతో, గౌరవముతో పోగుచేసి, తుదకు చేరిన నిర్ణయమును ఇచట చెప్పదగును: ఆ అనుభవము పొందినవానిపై దానికి పూర్ణాధికారము కలదు, కలుగుట న్యాయమే, పొందనివానిపై దానికి ఏ అధికారమును లేదు.

ఎల్లమ్మ తన్ను ముట్టినదని నమ్మిన ఇల్లాలు ఆ నమ్మికతో మాంసము మానుకొననిండు, పొద్దు ఉండనిండు, తన సొమ్ముతో గుడికి మెట్లు వేయించనిండు. ఆ నమ్మిక ఆమె బ్రతుకును నిలబెట్టిన మాకును సంతోషము. దేవుడున్నాడని ఆమె ధైర్యముగా చెప్పవచ్చును. లేడని ఆమెతో వాదించు అధికారము ఆ అనుభవమెరుగని మాకు లేదు. అయితే ఆమె మాటపై మరియొకరి పిల్లను, మరియొకరి పొలమును, మరియొకరి ప్రాణమును అడుగవచ్చినపుడు, దేవత మాటయైనను సరే, కల్లుదుకాణమున జరిగిన కొట్లాటకు సాక్షిని అడిగినట్లే అడుగవలెను. ఎప్పుడు చూచితివి? ఇంకెవరు చూచిరి? ఈ మాటవలన ఎవరికి లాభము? ముందెన్నడైన చెప్పినది జరిగినదా, జరుగనివి ఎన్ని?

హుస్నాబాదు గట్టుమీది పెద్దలకు ఈ విద్య తెలియనిది కాదు. కర్పూరము చేతిలో పెట్టువారు వారే. వచ్చినది దేవతయా కాదా యని అడుగువారు వారే. "ఇది తల్లి మాట గాదు, ఆకలి మాట, పిల్లకింత బువ్వ పెట్టున్రి" అని గుంపును చెదరగొట్టు ముసలమ్మలు మన పల్లెలలో నుండిరి, నేటికిని కొందరున్నారు.

దరువు ఆగును. ఇల్లాలు నేలపై కూలబడును. మంచినీళ్లు అడిగి త్రాగి, విరిసిన తలను ముడివేసికొని, మొట్టమొదట బిడ్డ యేడి యని వెదకికొనును. తరువాత నెమ్మదిగా, "నేనేమన్న?" అని ప్రక్కవారిని అడుగును. ఆమెకు గుర్తులేదు. నలుగురు చెప్పుటకు మొదలుపెట్టుదురు. బోనము తప్పినదన్నావని ఒకతె, కాదు తూర్పువైపు వేలుచూపితివని మరియొకతె, ఏమియు తెలియలేదు ఏడ్చితివి అంతేనని మూడవది. మామ మాత్రము మాటలాడక బిడ్డను తెచ్చి ఆమె ఒడిలో పెట్టును.